శిక్ష ముగిశాక మొదలయ్యే కథలు: దేన్ని ఎంచుకోవాలి?

అంగుళిమాలుడి కథ చిన్నప్పుడే విన్నాం. చంపినవాళ్ల వేళ్లు దండగా గుచ్చి మెడలో వేసుకున్న హంతకుడు బుద్ధుడి వెంట పరుగెత్తి, అందుకోలేక, చివరికి కత్తి పారేసి భిక్షువయ్యాడు. మనకు చెప్పిన కథ అక్కడితో ఆగింది. పాలీ బౌద్ధ గ్రంథం మజ్ఝిమ నికాయంలోని 86వ సుత్తం (ఉపదేశం) అక్కడ ఆగదు. అతణ్ని పట్టుకోవడానికి ఐదు వందల మంది ఆశ్వికులతో బయలుదేరిన కోసల రాజు ప్రసేనజిత్తు, గుండు చేయించుకుని కాషాయం కట్టిన ఆ మనిషిని చూసి నమస్కరిస్తాడు, నీకు కావలసినవి నేను సమకూరుస్తానంటాడు. రాజు వదిలేశాడు. ఊరు వదల్లేదు. భిక్షకు వెళ్లినప్పుడు ఒకరు విసిరిన మట్టిగడ్డ, ఇంకొకరు విసిరిన కర్ర, మరొకరు విసిరిన పెంకు తగులుతాయి. తల పగిలి రక్తం కారుతూ, పాత్ర ముక్కలై, చీవరం (భిక్షువు వస్త్రం) చిరిగి తిరిగి వస్తాడు. ఓర్చుకో అంటాడు బుద్ధుడు.

ఈ రెండో సగం కోసమే నేను ఈ తరహా సినిమాలు వెతుక్కుని చూస్తాను. మనసు మారడం ఒక క్షణంలో చూపించవచ్చు. ఆ మారిన మనసుతో వీధిలోకి వెళ్లి బతకడం చూపించాలంటే ఓపిక కావాలి. హత్య చేసి, శిక్ష అనుభవించి, మారి బయటికి వచ్చినవాళ్ల కథలు చాలా ఉన్నాయి. అన్నీ ఒకే పని చేయవు. మీకు ఏది కావాలో తెలిస్తే ఎంపిక తేలిక.

ముందుగా పెరోల్ అన్న మాట గురించి కొంత చెప్పాలి, లేకపోతే సగం సినిమాలు తికమకగా ఉంటాయి. మన పత్రికల్లో చదివే పెరోల్ సెలవు లాంటిది. ఇంట్లో పెళ్లో, చావో, జబ్బో ఉంటే ఖైదీ కొద్ది రోజులు బయటికి వచ్చి, గడువు తీరగానే మళ్లీ జైలు గేటు దగ్గర హాజరు కావాలి. అమెరికా, జపాన్ సినిమాల్లో పెరోల్ వేరు. అది శిక్ష పూర్తి కాకముందే షరతుల మీద విడుదల చేయడం, ఆ తర్వాత కూడా ఒక అధికారి కనిపెట్టి ఉండడం. మన దగ్గర దానికి దగ్గరగా ఉండేది శిక్ష తగ్గింపు, పత్రికలు ‘సత్ప్రవర్తన కింద విడుదల’ అని రాసేది. యావజ్జీవం అంటే 14 ఏళ్లు అని మన సినిమాలు తేల్చేస్తాయి గానీ, చట్టంలో యావజ్జీవం అంటే బతికున్నంత కాలమే. మరణశిక్షకు కూడా అవకాశమున్న నేరానికి యావజ్జీవం పడితే 14 ఏళ్లు గడవనిదే విడుదల చేయకూడదన్నది ఆ లెక్కకు మూలం. 14 ఏళ్లు గడిచాయి కాబట్టి వదిలిపెట్టి తీరాలని దాని అర్థం కాదు. పెరోల్ ఫ్రెంచి మాట. అక్కడ దాని అర్థం ‘మాట’ అనే. మాట తీసుకుని వదిలిపెట్టడం అన్నమాట.

ఇక పోలికకు నేను వాడే కొలబద్ద ఒకటుంది. ఈ కథల్లో దాదాపు అన్నింటిలోనూ ఒక సందర్భం వస్తుంది: మారిన మనిషి ముందు ఎవరినో కొడుతుంటారు, లేదా వేధిస్తుంటారు. అప్పుడు అతనేం చేస్తాడు? అతను చేసిన పనిని సినిమా ఏమంటుంది? ఆ ఒక్క చోట చూస్తే ఆ కథ మార్పును ఎలా అర్థం చేసుకుందో తెలిసిపోతుంది.

ఖైదీ (2019)

తమిళంలో కార్తి నటించగా లోకేశ్ కనగరాజ్ తీసిన ఈ సినిమా తెలుగులోనూ అదే పేరుతో వచ్చింది. పదేళ్లు జైల్లో ఉండి బయటికి వచ్చిన ఢిల్లీ అనే మనిషి, ఎన్నడూ చూడని కూతుర్ని చూడడానికి బయలుదేరి, ఒక్క రాత్రి పోలీసులకూ మత్తుమందు ముఠాకూ మధ్య ఇరుక్కుంటాడు. అతను బకెట్లోంచి బిర్యానీ తినే దృశ్యం నాకు పోరాటాలన్నిటికంటే గుర్తుండిపోయింది. ఇన్నేళ్లూ ఇష్టమైన తిండికి దూరమైన మనిషి ఆకలి ఆ చేతిలో కనిపిస్తుంది.

నా కొలబద్ద పెడితే ఇక్కడ జవాబు సూటిగా ఉంటుంది. కొట్టాలి, ఎంత బాగా కొడితే అంత మంచివాడు. చేతిలోని హింస పోలేదు, మంచివాళ్ల వైపుకు తిరిగింది, అంతే. దక్షిణాది వాణిజ్య చిత్రాల్లో విడుదలైన ఖైదీ పాత్రకు చాలాకాలంగా ఉన్న దారి ఇదే. పైగా పాత నేరానికి కూడా ప్రేక్షకుడు ఒప్పుకునే కారణం ఒకటి సిద్ధంగా ఉంటుంది. నేరం నేరమే కానప్పుడు పశ్చాత్తాపానికి పనేముంటుంది? ఉత్కంఠ కోసం, తండ్రి ప్రేమ కోసం చూడండి, నిరాశ ఉండదు. హంతకుడు మారడం గురించి ఆలోచించడానికైతే దీన్ని ఎంచుకోకండి.

అండర్ ద ఓపెన్ స్కై (2020)

అదే పని ఇక్కడ జబ్బుగా కనిపిస్తుంది. జపాన్ దర్శకురాలు మివా నిషికావా తీసిన ఈ సినిమాలో మికామి అనే పాత యాకుజా (జపాన్ నేర ముఠా) మనిషి హత్యకు 13 ఏళ్లు శిక్ష అనుభవించి బయటికి వస్తాడు. శిక్ష పూర్తిగా అనుభవించాడు కాబట్టి ఇది పెరోల్ కథ కాదు, కానీ విడుదల తర్వాతి రోజుల గురించి ఇంత శ్రద్ధగా తీసిన సినిమా నేను ఇంకోటి చూడలేదు. రక్తపోటు ఎక్కువ. డ్రైవింగ్ లైసెన్సు గడువు తీరిపోయింది, మళ్లీ పరీక్ష రాయాలి. పని కావాలంటే లైసెన్సు కావాలి, లైసెన్సు కావాలంటే డబ్బు కావాలి. దుకాణంలో సరుకులు కొంటే దొంగతనం చేశాడని అనుమానిస్తారు. సంక్షేమ కార్యాలయంలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. కోజి యాకుషో ఈ పాత్రలో ఎంత ఇష్టపడేలా ఉంటాడో అంత భయపెడతాడు కూడా. నవ్వుతున్న ముఖం ఏ క్షణాన మారుతుందో తెలియదు.

వీధిలో ఇద్దరు రౌడీలు ఒక మనిషిని వేధిస్తుంటే మికామి అడ్డం వెళ్తాడు. కాపాడడంతో ఆగడు, వాళ్లను చావబాదుతాడు. ఆ సమయంలో అతని కళ్లలో ఆనందం ఉంటుంది. ఖైదీలో మనం ఈలలు వేసే చోటే ఇక్కడ మన కడుపులో తిప్పుతుంది. అతని గురించి టీవీ కార్యక్రమం తీయడానికి వెంట వచ్చిన యువకుడు కెమెరా పట్టుకుని పారిపోతాడు. ఆపడానికీ వెళ్లక, తీయడమూ తీయక పరుగెత్తావని పక్కనున్న మహిళ అతణ్ని నిలదీస్తుంది. ఇలాంటి జీవితాలను తెర మీద చూస్తూ కూర్చునే మనకు కూడా ఆ మాట తగులుతుంది.

తర్వాత చాలాసేపటికి, వృద్ధుల సంరక్షణ కేంద్రంలో అతనికి పని దొరుకుతుంది. అక్కడ వైకల్యం ఉన్న ఒక తోటి ఉద్యోగిని మిగతావాళ్లు అనుకరించి నవ్వుకుంటారు. మికామికి ఒళ్లు మండుతుంది. ఏమీ చేయడు. వాళ్లతో పాటు పెదాలు కదిపి ఊరుకుంటాడు. అతను మారాడనడానికి ఇదే రుజువు. అది చూసి మనకు సంతోషం కలగదు. ఒక మనిషి అన్యాయాన్ని చూసి ఊరుకోవడం నేర్చుకుంటే దాన్ని బాగుపడడం అనాలా? ఈ ప్రశ్నను ఇంత దగ్గరగా తెచ్చి పెట్టినందుకే నా మొదటి ఎంపిక ఇది. హింస తక్కువ, మాటలు సరళం, సబ్‌టైటిళ్లతో చూడడానికి కష్టం లేదు. ముగింపు గురించి చెప్పను.

ది ఈల్ (1997)

ఇదీ జపాన్ సినిమాయే, ఇందులోనూ కోజి యాకుషోయే. దర్శకుడు షోహెయ్ ఇమమురా. 1997లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ దోర్‌ను మరో చిత్రంతో కలిసి పంచుకుంది. భార్యకు వేరే సంబంధం ఉందని ఆకాశరామన్న ఉత్తరం అందుకున్న యమషిత ఆమెను కత్తితో పొడిచి చంపి, ఆ రక్తపు బట్టలతోనే సైకిలెక్కి పోలీసు స్టేషనుకు వెళ్లి లొంగిపోతాడు. ఎనిమిదేళ్ల తర్వాత పెరోల్ మీద వస్తాడు. చిన్న ఊళ్లో క్షౌరశాల పెట్టుకుంటాడు. జైల్లో పెంచుకున్న పాము చేప ఒక్కటే తోడు, దానితోనే మాట్లాడతాడు.

పెరోల్ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలంటే ఇక్కడ ఉన్న జాబితాలో ఇదే మంచిది. అతన్ని కనిపెట్టి చూసేది ఒక బౌద్ధ పూజారి. అది కల్పన కాదు. జపాన్‌లో విడుదలైన ఖైదీల బాధ్యత తీసుకునే స్వచ్ఛంద సంరక్షకులను హోగోషి అంటారు. 1950 నాటి చట్టంతో ఏర్పడిన ఈ వ్యవస్థలో నలభై వేలకు పైగా మామూలు పౌరులు జీతం లేకుండా పనిచేస్తున్నారు. వాళ్లలో పూజారులు, విశ్రాంత ఉద్యోగులు, గృహిణులు ఉంటారు. చాలామంది ఖైదీని తమ ఇంటికే పిలిచి మాట్లాడతారు.

కొలబద్ద దగ్గరికి వస్తే, తనతో పనిచేసే కెయికో కోసం యమషిత ఒక కొట్లాటలోకి దిగుతాడు. పెరోల్ షరతు తప్పినట్టే కాబట్టి మళ్లీ జైలుకు వెళ్లాలి. అతను చేసింది మంచిపనే అని మనకు తెలుసు, చట్టానికి అక్కర్లేదు. సినిమా ఎవరినీ తిట్టకుండా ఆ రెండింటినీ పక్కపక్కన నిలబెడుతుంది. ఒక్క హెచ్చరిక: మొదట్లో వచ్చే హత్య చాలా క్రూరంగా ఉంటుంది, శృంగార దృశ్యాలు ఉన్నాయి. పిల్లలున్న ఇంట్లో పెట్టే సినిమా కాదు. చనిపోయిన భార్య వైపు నుంచి ఆలోచించడం కూడా తక్కువే. ఆమెకు దక్కిన చోటు ఆ మొదటి కొద్ది నిమిషాలే. నాకు దీనితో ఉన్న తగువు అదే.

ది షాషాంక్ రిడెంప్షన్ (1994)

అందరూ ముందు చెప్పే పేరు ఇది, చాలామంది చూసేసే ఉంటారు కాబట్టి ఏం చూడాలో మాత్రం చెబుతాను. కథానాయకుడు ఆండీ నిర్దోషి. అతని సొరంగం గురించి మాట్లాడుకుంటూ, నిజంగానే హత్య చేసి జైలుకొచ్చిన అతని స్నేహితుణ్ని మరిచిపోతాం. ఈ కథలో మారిన నేరస్థుడు రెడ్. అతను మూడుసార్లు పెరోల్ బోర్డు ముందు కూర్చుంటాడు, 20 ఏళ్ల తర్వాత ఒకసారి, 30 ఏళ్ల తర్వాత ఒకసారి, 40 ఏళ్ల తర్వాత ఒకసారి. మొదటి రెండుసార్లూ టోపీ చేతిలో పట్టుకుని, వాళ్లు వినాలనుకున్న జవాబే చెబుతాడు. తిరస్కరించినట్టు ముద్ర పడుతుంది. మూడోసారి విసిగిపోయి, మారడం అన్న మాటే మీరు కల్పించుకున్నదంటాడు, ఆ నేరం చేసిన కుర్రాడితో మాట్లాడాలని ఉంది గానీ వాడు ఎప్పుడో పోయాడంటాడు. విడుదల ముద్ర పడుతుంది.

నటన గొప్పది. కానీ బోర్డులు అలా పనిచేస్తాయని నమ్మకండి. అవి మనసు లోతు కంటే ముప్పును తూస్తాయి: నేరం గురించి ఇతనికి ఏం అర్థమైంది, బయటికెళ్తే ఎక్కడ ఉంటాడు, ఏం పని చేస్తాడు. బాధిత కుటుంబం మాట వినే హక్కు కూడా చాలాచోట్ల వచ్చింది. కాలిఫోర్నియాలో 2008లో ప్రజల ఓటుతో వచ్చిన సవరణ దాన్ని ఆ రాష్ట్ర రాజ్యాంగంలోనే చేర్చింది. షాషాంక్ జైలు ఉన్నట్టు చెప్పే మెయిన్ రాష్ట్రమైతే 1976లో పెరోల్‌నే తీసేసింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి రాష్ట్రం అదే. అంటే ఆ తర్వాత అక్కడ శిక్ష పడిన రెడ్ లాంటివాడికి కూర్చోవడానికి బోర్డే ఉండదు.

ఇంకో విషయం. స్టీఫెన్ కింగ్ 1982 నాటి మూలకథలో రెడ్ బీమా డబ్బు కోసం భార్య కారు బ్రేకులు పాడు చేస్తాడు. దారిలో ఆమె ఎక్కించుకున్న పొరుగింటి మహిళ, ఆమె పసిబిడ్డ కూడా చనిపోతారు. సినిమా ఈ ముగ్గురినీ తీసేసింది. ఎవరిని చంపాడో, ఎందుకు చంపాడో ఒక్క మాట లేదు. అందుకే మనం అతణ్ని అంత సులువుగా ప్రేమించగలిగాం. ఈ సంగతి తెలిశాక నేను ఆ మూడో విచారణ దృశ్యాన్ని మళ్లీ చూశాను. రెడ్ మాటల్లో నిజాయితీ తగ్గలేదు గానీ, నా కళ్లలో తేలికగా వచ్చిన నీళ్లు ఈసారి రాలేదు.

అయినా ఈ సినిమాను వదులుకోమనను. విడుదలైన రెడ్ సరుకుల దుకాణంలో సంచులు నింపుతూ, మూత్రవిసర్జనకు వెళ్లాలంటే మేనేజరును చెయ్యెత్తి అడుగుతాడు. ప్రతిసారీ అడగక్కర్లేదు, వెళ్లిరా అంటాడు మేనేజరు. నలభై ఏళ్లు అనుమతి అడిగిన శరీరం అనుమతి లేనిదే పనిచేయదు. అంతకుముందు యాభై ఏళ్ల తర్వాత విడుదలైన ముసలి బ్రూక్స్ అదే గదిలో ప్రాణం తీసుకున్నాడని మనకు తెలుసు కాబట్టి, ఆ కొద్ది నిమిషాలు ఊపిరి బిగబట్టి చూస్తాం.

దో ఆంఖే బారహ్ హాథ్ (1957)

వి. శాంతారాం తీసి, జైలు అధికారిగా తానే నటించిన హిందీ చిత్రం. ఆరుగురు హంతకులను తన పూచీ మీద బయటికి తీసుకెళ్లి, బీడు భూమిలో వ్యవసాయం చేయిస్తాడు. ఔంధ్ సంస్థానంలోని స్వతంత్రపూర్ బహిరంగ జైలు ప్రయోగం దీనికి ఆధారం. బెర్లిన్ చిత్రోత్సవంలో వెండి ఎలుగుబంటి బహుమతి అందుకుంది. పండించిన కూరగాయలను న్యాయమైన ధరకు అమ్మితే దళారులకు కడుపుమంట. వాళ్ల మనుషులు వచ్చి కొడతారు. ఎదురు చెయ్యెత్తబోమని మాట ఇచ్చిన ఆరుగురూ దెబ్బలు తింటారు. అంగుళిమాలుడికి అత్యంత దగ్గరి చుట్టాలు వీళ్లే.

ఉపదేశం ఎక్కువ, సంగీతం ఎక్కువ, అధికారి మరీ మహాత్ముడు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగింది మాత్రం ఇదొక్కటే. బడి పిల్లలకు చూపించాలన్నా ఇదే సరైనది. మనిషి మీద నమ్మకం పెడితే అది అతనికి ఎంత బరువవుతుందో పిల్లలకు కూడా అర్థమయ్యేలా చెప్పింది.

బాయ్ ఎ (2007), డెడ్ మ్యాన్ వాకింగ్ (1995)

ఈ రెంటినీ పక్కపక్కన పెడుతున్నాను, ఎందుకంటే మిగతా సినిమాలు దాటేసిన చోట ఇవి నిలబడతాయి.

మొదటిది బ్రిటన్‌ది. చిన్నతనంలో ఇంకో పిల్లవాడితో కలిసి హత్యలో భాగమైన ఒకడు, పెద్దయ్యాక కొత్త పేరుతో విడుదలవుతాడు. ఆండ్రూ గార్‌ఫీల్డ్ నటన అద్భుతం. కొత్త బూట్ల పెట్టె ఇస్తే ఏం చేయాలో తోచనంత పసితనం ఆ ముఖంలో ఉంటుంది. అతను ఒక రోడ్డు ప్రమాదంలో పాపను కాపాడతాడు, పత్రికలో ఫొటో వస్తుంది. ఆ మంచిపనితోనే అతని రహస్యం బయటపడే దారి తెరుచుకుంటుంది. పత్రికలు, టీవీలు ‘రాక్షసుడు’ అన్న మాట ఎలా వాడతాయో ఆలోచించే విద్యార్థులకు, విలేకరులకు ఇదే నా సిఫారసు. చివర చాలా నిస్పృహ ఉంటుంది, మనసు బాగోని రోజున వద్దు.

రెండోదానిలో పెరోల్ లేదు, విడుదలా లేదు, మరణశిక్షే ఉంది. సిస్టర్ హెలెన్ ప్రిజాన్ స్వీయానుభవాల పుస్తకం నుంచి తీసిన ఈ సినిమాలో ఆమె ఖైదీ దగ్గరికి వెళ్లినట్టే, చనిపోయిన పిల్లల తల్లిదండ్రుల ఇళ్లకూ వెళ్తుంది. వాళ్లలో ఒక జంట ఆమెను ఆదరించి, ఆమె ఇంకా ఖైదీ పక్షానే ఉందని తెలిసి వెళ్లిపొమ్మంటారు. శిక్ష అమలవుతున్నప్పుడు దర్శకుడు పదేపదే హత్య జరిగిన అడవిని చూపిస్తాడు, ఒక మరణాన్ని చూస్తూ ఇంకో మరణాన్ని మరిచిపోనివ్వడు. ఖైదీ పట్ల జాలి కలిగితే అది ఈ కష్టమంతా దాటి కలగాలి. బాధిత కుటుంబానికి చోటు లేని మార్పు కథ మీకు మింగుడు పడకపోతే నేరుగా దీనికి రండి. అత్యాచారం, హత్య ఉన్న కథ కాబట్టి అలాంటి గాయం ఉన్నవారికి ముందే చెప్పి చూపించాలి.

విక్టర్ హ్యూగో నవల ‘లే మిజరబుల్స్’ ఏదని అడుగుతారు. దాని కథానాయకుడు జ్యాఁ వల్జ్యాఁ 19 ఏళ్లు గడిపింది రొట్టె దొంగతనానికీ, జైలు నుంచి పారిపోబోయినందుకూ. అతనివల్ల ప్రాణం పోలేదు. అతణ్ని క్షమించడం మనకు కష్టమే కాదు, కాబట్టి ఈ పోలికలో చేర్చలేదు. అతను విడుదలైన ఖైదీగా పసుపుపచ్చ కాగితం పట్టుకుని ఊరూరా తిరస్కారం పొందే మొదటి అధ్యాయాలు మాత్రం ఏ కథకూ తీసిపోవు.

ఎవరికి ఏది

ఒక్కటే చూసే తీరిక ఉంటే ‘అండర్ ద ఓపెన్ స్కై’. నలుగురు కూర్చుని చర్చించుకోవాలంటే ఖైదీనీ దాన్నీ వరసగా రెండు రోజులు చూడండి, రెండిట్లో ఒకే పనికి మీ మనసు ఎందుకు రెండు రకాలుగా స్పందించిందో మాట్లాడుకోండి. నా అనుభవంలో ఈ జంట పెట్టినంత వాదన ఇంకేదీ పెట్టలేదు. చట్టం చదివేవారు ‘ది ఈల్’ చూసి, షాషాంక్‌లోని మూడు విచారణలను మాత్రం మళ్లీ చూస్తే చాలు. శిక్ష తగ్గింపు వార్తలు చదివి కోపమో జాలో వచ్చినవారు, తమకు వచ్చినదానికి ఎదురు వైపున్న సినిమా ఎంచుకోవాలి: కోపం వచ్చినవారు ‘బాయ్ ఎ’, జాలి కలిగినవారు ‘డెడ్ మ్యాన్ వాకింగ్’.

ఇంట్లోకి ఎవరైనా జైలు నుంచి తిరిగి రాబోతుంటే, ఆ కుటుంబానికి నేను చెప్పేది వేరు. వాళ్లు వచ్చాక కాదు, రాకముందే మీరు ‘అండర్ ద ఓపెన్ స్కై’ చూడండి. గడువు తీరిన గుర్తింపు కార్డులు, మందులు, బ్యాంకు ఖాతా, పొరుగువాళ్ల చూపు, ఇవన్నీ ఎంత పెద్దవో ముందే తెలుస్తుంది. మీ మనిషితో కలిసి చూడాలని తొందరపడకండి. ఎప్పుడైనా అతనే ఏదైనా సినిమా పెట్టమంటే షాషాంక్ పెట్టవచ్చు గానీ, బ్రూక్స్ విడుదలయ్యే భాగం వస్తుందని ముందుగా చెప్పండి, పక్కనే కూర్చోండి. ఆపేయమంటే ఎందుకని అడగకుండా ఆపేయండి.